చూసినంతే రాసిన సుగుణమ్మ మేడమ్

ఈ మాట నేను నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో తరగతి నుంచి విడవకుండా రాసుకుంటున్న నా డైరీలో కూడా ఎక్కడా రాయలేదు. పోయిన ఏడాది ఆగస్టులో, ఇస్నాపూర్ దగ్గరి ఒక ప్రాథమిక పాఠశాల గురించి నేను నింపి ఇచ్చిన నాలుగు పరిశీలన పత్రాలు అబద్ధాలు. చూడనిదాన్ని చూసినట్టు రాశాను. ఆ రాత వల్ల ఒక పదేళ్ల పిల్ల బడికి దూరమయ్యేది. అలా కాకుండా ఆపిన మనిషి సుగుణమ్మ మేడమ్.

ఆమె మొన్న గురువారం తెల్లవారుజామున కన్నుమూశారు. నేను పటాన్‌చెరు వెళ్లే బస్సులో ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. "మేడమ్ ఇక లేరమ్మా" అన్నారు. ఫోన్ పెట్టేశాను. పక్క సీటులో ఫ్యాక్టరీ యూనిఫాం వేసుకున్న అమ్మాయి "ఏమైందక్కా?" అని అడిగింది. "మా మేడమ్" అన్నాను. దిగాల్సిన చోట దిగకుండా చాలా దూరం వెళ్లిపోయాను. సంస్మరణ సభలో రెండు మాటలు మాట్లాడమని అడిగితే నా వల్ల కాదన్నాను. సభ రోజు తెచ్చే సంస్మరణ సంచికకు రాసిస్తానని మాత్రం ఒప్పుకున్నాను. ఆమెతో పనిచేసిన ఉపాధ్యాయులు దీన్ని చదువుతారు కాబట్టి, ఆమె గురించి రాయాలంటే ముందు నా గురించి ఆ నిజం చెప్పక తప్పదు.

మేడమ్ కంది దగ్గరి ఒక పల్లెలో వ్యవసాయ కుటుంబంలో పుట్టారు. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో పాఠాలు చెప్పి, పదవీ విరమణ తర్వాత మా చిన్న సంస్థలో చేరారు. మా చుట్టుపక్కల కొన్ని బడుల్లో ఒక పద్ధతి నడుస్తోంది. పిల్లలు అల్లరి చేసినప్పుడు కొట్టి, తిట్టి, ఎండలో నిలబెట్టడం కాకుండా, ఎలా మెలగాలో ముందే నేర్పడం. అలా మెలిగినప్పుడు పేరు పెట్టి మెచ్చుకోవడం. అప్పటికీ కుదురుకోలేని పిల్లలుంటే, ఒక్కొక్కరికీ ఒక టీచరు బాధ్యత తీసుకొని రోజూ పొద్దున బడికి రాగానే పలకరించి, సాయంత్రం మళ్లీ కలిసి ఆ రోజు ఎలా గడిచిందో మాట్లాడటం. టీచర్లకు శిక్షణ వేరేవాళ్లు ఇస్తారు. ఇదంతా అనుకున్నట్టే జరుగుతున్నదా లేదా అని బడికి వెళ్లి చూసి రాయడం మా పని. పిల్లలు మారారా అన్నది తర్వాతి ప్రశ్న. పెద్దలు చేస్తామన్నది చేశారా అన్నది మొదటి ప్రశ్న. "మందు పనిచేస్తలేదనే ముందుగాల, గోలీ మింగిన్రా లేదా అని అడగాలె గదా" అనేవారు మేడమ్. మా వృత్తి గురించి ఇంతకంటే స్పష్టంగా చెప్పిన మాట నేను వినలేదు.

డిగ్రీ అయిపోయి ఈ ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నేను పొద్దుటినుంచి సాయంత్రం దాకా నాలుగైదు మాటలు కూడా మాట్లాడలేదు. తిరుగు బస్సులో మేడమ్ నన్ను ఎగాదిగా చూసి, "నువ్వు మాట్లాడవేందే? భయమా?" అన్నారు. తల ఊపాను. "మంచిదే తియ్యి. మాట్లాడేటోళ్లకు చూసే తీరిక ఉండది" అన్నారు. నా బిడియాన్ని ఎవరైనా పనికొచ్చే గుణంగా చూడటం అదే మొదటిసారి. ఆ మాట ఆ రాత్రే డైరీలో రాసుకున్నాను.

తరగతిలో కుర్చీ వేస్తే ఆమె కూర్చునేవారు కాదు. వెనక వరుసలో పిల్లల పక్కన నేలమీదే కూర్చునేవారు. చేతిలో పెన్ను కనిపిస్తే టీచర్ల గొంతు మారిపోతుందని, ఒళ్లో గుప్పెడు చింతగింజలు పోసుకునేవారు. టీచరు ఒక పిల్లను మెచ్చుకుంటే ఒక గింజ కుడిపక్కకు, కసిరితే ఒకటి ఎడమపక్కకు. గంట కొట్టాక బయటికి వచ్చి, గింజలు చూసుకొని ఫారం నింపేవారు. ఒకసారి మూడో తరగతి పిల్ల ఒకతె ఆ గింజలు చూసి, "అవ్వా, నాతోటి ఆడుతవా?" అని అడిగింది. మేడమ్ దాని చెవిలో, "ఆల్రెడీ ఆడుతున్న బిడ్డా, మీ సారుతోటి. ఎవలు గెలుస్తరో చూడాలె" అన్నారు. ఆ పిల్ల పీరియడంతా పాఠం వదిలేసి, సారు ఎవరినైనా మెచ్చుకుంటాడేమోనని నోరు తెరుచుకొని చూస్తూ కూర్చుంది.

పటాన్‌చెరు వైపు మరో బడిలో మెలగాల్సిన తీరు గురించిన మూడు నియమాలను గోడనిండా రంగుల్లో రాయించారు. హెడ్మాస్టరు గారు మమ్మల్ని ఎంతో గర్వంగా అక్కడికి తీసుకెళ్లారు. అటుగా వెళ్తున్న ఒక పిల్లను మేడమ్ ఆపి, "ఏం రాసున్నదే ఆడ?" అని అడిగారు. "తెల్వది టీచర్. మమ్మల్ని ఆ గోడకాడికి పోనియ్యరు, రంగు ఖరాబైతదని" అంది ఆ పిల్ల. మేడమ్ హెడ్మాస్టరు వైపు తిరిగి, "గోడ మస్తు క్రమశిక్షణతోటి ఉన్నది సారూ. ఇగ పిల్లలకెప్పుడు నేర్పుదాం?" అన్నారు. ఆయనకు కోపం రావాల్సింది, కానీ నవ్వొచ్చింది. తర్వాతి నెల మేం వెళ్లేసరికి పిల్లలు ఆ గోడకు ఆనుకొనే మధ్యాహ్న భోజనం చేస్తున్నారు. పసుపు మరకలు పడ్డాయి. ఆ రోజు ఫారం చివర మేడమ్ రాసింది రెండే మాటలు: "రంగు చెడింది. సంతోషం."

ఏ బడిలో ఏది పైపైనే జరుగుతోందో ఆమెకు ఎలా తెలుస్తుందో అని నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఒకసారి అడిగాను. "నా నౌకరిల ఎన్ని పథకాలొచ్చినయో నాకే యాదికి లేదు. అన్నిట్ల సంతకం పెట్టిన. చార్టులన్ని బీరువా మీద పెట్టిన. పైనుంచి ఎవలన్న వస్తున్నరంటె దుమ్ము దులిపి గోడకు కట్టిన. దాచిన చెయ్యే నాది. నాకు గాకుంటె ఎవలకు దొరుకుతయి?" అన్నారు. ఆ నవ్వులో ఎక్కడో నొప్పి ఉంది. అందుకేనేమో, చేయలేదని ఒప్పుకున్న టీచరును ఆమె ఎన్నడూ చిన్నబుచ్చలేదు. ఆమె తయారు చేసిన ఫారంలో అన్నిటికంటే పెద్ద గడి 'ఎందుకు వీలుకాలేదు' అన్నది. "చేయలేదని రాసుడు తప్పు కాదు బిడ్డా. ఎందుకు చేయలేదో అడగకుండ రాసుడు తప్పు" అనేవారు.

ఇంత చెప్పిన మనిషి దగ్గర పనిచేస్తూ నేను ఆ నాలుగు పత్రాలు రాశాను.

ఆ బడిలో అయిదో తరగతి పిల్ల పూనమ్. తల్లిదండ్రులు జార్ఖండ్ నుంచి వచ్చి ఇస్నాపూర్‌లో కిరాయి గదిలో ఉంటూ ఇద్దరూ ఫ్యాక్టరీ పనికి వెళ్తారు. పూనమ్ తరగతిలో ఉన్నట్టుండి పలక విసిరేసేది, పక్కవాళ్లను గిచ్చేది, బయటికి ఉరికి ప్రహరీ గోడ ఎక్కి కూర్చునేది. ఆమెకు పొద్దుటి పలకరింపు, సాయంత్రం మాట నియమించారు. ఆ బాధ్యత అయిదో తరగతి టీచరు రాజేశ్వర్ సార్‌ది. వారానికొకసారి వెళ్లి, అది జరుగుతున్నదా అని చూడాల్సిన బాధ్యత నాది.

నా బస్సు ప్రార్థన అయ్యాక గాని చేరేది కాదు. మొదటి వారం గుమ్మంలో నిలబడితే రాజేశ్వర్ సార్ ఎదురొచ్చారు. "రామ్మా, స్టాఫ్ రూంల కూసో. నువ్వు లోపటికొస్తె పిల్లలు పాఠం ఇడిచిపెట్టి నిన్నే చూస్తరు. పలకరింపా? అయింది, పొద్దుగాలనే అయింది. రాసుకో" అన్నారు. ఎంతో మర్యాదగా చాయ్ తెప్పించారు. సాయంత్రం దాకా ఉండి చూస్తానని, రేపు ఇంకా ముందు బస్సుకు వస్తానని అనాలి. ఆయన నాకంటే పెద్దవారు, ఆదరంగా మాట్లాడుతున్నారు. ఎదురు చెప్పలేకపోయాను. చాయ్ తాగి, అన్ని గడుల్లో టిక్కులు పెట్టాను. రెండో వారం ఆయన చెప్పకముందే స్టాఫ్ రూంలోకి వెళ్లాను. మూడు, నాలుగు వారాలు కూడా అంతే.

సెప్టెంబరులో సమావేశం జరిగింది. మా సంస్థ పెద్దసారు నా నాలుగు పత్రాలు ముందు పెట్టుకొని, "ఇక్కడ అమలు సంపూర్ణంగా ఉంది. పిల్లలో మార్పు లేదు. అంటే ఈ పద్ధతి ఈ పిల్లకు పనిచేయదు. ఆపేద్దాం" అన్నారు. రాజేశ్వర్ సార్ కూడా అక్కడే ఉన్నారు. "నా వంతు నేను చేసిన సార్. ఇగ నాతోని కాదు. వాళ్ల అమ్మానాయినకు చెప్పి ఇంటికాడ ఉంచుకోమందాం. మిగిలిన పిల్లలన్న చదువుకుంటరు" అన్నారు. ఒక్క వాక్యం చాలు. నేను చూడలేదు సార్, అనాలి. అక్కడ పదిమంది ఉన్నారు. నా ఎదురుగా ఉన్న మంచినీళ్ల సీసా మూత వైపు చూస్తూ కూర్చున్నాను.

మేడమ్ ఆ పత్రాలు తీసుకొని ఒక్కొక్కటే తిప్పారు. "నాలుగు వారాలల్ల ఒక్కనాడన్న వాన పడలేదా? సారుకు పడిశం పట్టలేదా? పిల్ల నాగా పెట్టలేదా? ఎందుకు వీలుకాలేదన్న గడి నాలుగింట్లనూ ఖాళీనే. గింత నున్నగ నడిచిన నెల నా నౌకరిల నేను చూడలే" అన్నారు. "మన అమ్మాయి స్వయంగా చూసి రాసింది కదా మేడమ్" అన్నారు పెద్దసారు. మేడమ్ నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏడ్చేసేదాన్నేమో. "ఒక్క వారం ఇయ్యుండ్రి సారూ. ఈ బిడ్డ, నేను ఇద్దరం పోయి చూస్తం. అటెన్క మీ ఇష్టం" అన్నారు.

ఇద్దరు కలిసి చూడటం మేడమ్ పెట్టిన పద్ధతే. ఒకే చోట, ఒకే సమయంలో ఇద్దరూ చూడాలి. ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయాలి. చివరికి రెండూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ మాట్లాడుకోవాలి. ఆ సోమవారం ఇంకా బడి గేటు తాళం తీయకముందే మేమిద్దరం ఎదుటి పంక్చర్ దుకాణం దగ్గర నిలబడ్డాం. అప్పటికే బడి గేటు ముందు ఒక పిల్ల బ్యాగు మీద కూర్చొని ఉంది. పూనమ్. తల్లిదండ్రులు పొద్దుటి షిఫ్టుకు వెళ్తూ గదికి తాళం వేస్తారు కాబట్టి, అందరికంటే ముందు బడికి వచ్చే పిల్ల అదేనని ఆ రోజు తెలిసింది. ఒక్కొక్కరే వచ్చారు. గేటు తెరిచారు. ప్రార్థన అయింది. రాజేశ్వర్ సార్ ఎక్కిన షేరింగ్ ఆటో ఆ తర్వాత వచ్చింది. ఆ పిల్లను ఎవరూ పలకరించలేదు. సాయంత్రం గంట కొట్టగానే ఉరికిపోయింది. సారు ఇంకా నోటుపుస్తకాలు దిద్దుతున్నారు. మంగళవారం కూడా అంతే.

బుధవారం పూనమ్ లేచి నేరుగా మా దగ్గరికి వచ్చింది. "మీరు రోజూ ఎవల కోసం నిలబడ్తున్రు?" అని అడిగింది. ఇస్నాపూర్ తెలుగు ఆ పిల్లకు చక్కగా వచ్చింది. "నీ కోసమే" అన్నారు మేడమ్. పిల్ల ముఖం మారిపోయింది. ఒక అడుగు వెనక్కి వేసి, "నేనేం జేసిన?" అంది.

మేడమ్ రోడ్డు పక్కనే గొంతుక్కూర్చొని ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు. "నువ్వేం జేయలే బిడ్డా. చేయాల్సింది మేమే చేయలే" అన్నారు. నేను రోడ్డు మీద వెళ్లే లారీల వైపు తిరిగాను. పూనమ్ వెళ్లాక మేడమ్ తన కాగితం తీసి ఇలా రాశారు: 'ఈ రోజు పిల్లను నేనే పలకరించినాను. కనుక ఈ దినం పరిశీలనకు పనికిరాదు. విడిచిపెట్టగలరు.' ఎవరూ చూడని చోట, ఎవరూ అడగని తన చిన్న తప్పును కూడా ఆమె అలా కాగితం మీద పెట్టేశారు. పక్కనే నిలబడి నేను చూశాను.

శుక్రవారం సాయంత్రం మా రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాం. బుధవారం పోను నాలుగు రోజులూ రెండింట్లోనూ ఒకటే మాట: జరగలేదు. ఆగస్టు సంగతి మేడమ్ అడుగుతారనుకున్నాను. ఆమె అడగలేదు. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకొని రాజేశ్వర్ సార్ దగ్గరికి నడిచారు.

"సారూ, ఎక్కడికెల్లి వస్తరు మీరు?"

"సంగారెడ్డికెల్లి మేడమ్. షేరింగ్ ఆటోల."

"ప్రార్థనకు అందుతరా?"

ఆయన చేతిలోని నోటుపుస్తకం మూసేశారు. తర్వాత తల దించుకొని, "ఒక్కనాడు గూడ అందలే మేడమ్. సాయంత్రం మాట్లాడుదామంటె అది దొరకది. చేయలేదని చెప్తె మెమో ఇస్తరేమోనని పరేషాన్ అయిన" అన్నారు.

"మెమోలు ఇచ్చేటిదాన్నైతె చెప్పులు తెగేదాంక బస్సులెందుకు ఎక్కుత సారూ?" అన్నారు మేడమ్. "గేటుకాడనే పలకరియ్యాలని ఎవలన్నరు? పొద్దుగాల కావాలె, పేరు పెట్టి కావాలె, రోజూ కావాలె. ఈ మూడు పోవద్దు. జాగ మారితె మారనియ్యి. ప్రార్థన కాంగనే నల్లాకాడ పలకరించుండ్రి. సాయంత్రం గంట కొట్టకముందే ఆఖరి పీరియడ్‌ల రెండు మాటలు మాట్లాడుండ్రి. అయితదా?"

"అయితది మేడమ్" అన్నారు ఆయన. ఆ గొంతులో ఎంత తేలిక! నేను ఆయన్ను అడిగి ఉంటే ఈ మాట ఆగస్టు మొదటి వారంలోనే వచ్చేది.

పద్ధతిని ఆపే నిర్ణయం ఆగిపోయింది. మొదటి వారం సారు మంచినీళ్ల నల్లా దగ్గర పలకరించి ఇచ్చిన, ఆ రోజు ఎలా మెలిగిందో రాసుకునే కార్డును పూనమ్ ఆయన ఎదుటే చింపేసింది. రెండో వారం తీసుకొని జేబులో పెట్టుకుంది. దసరా సెలవుల తర్వాత, సారు ఒకరోజు రాకపోతే, "సారెందుకు రాలే?" అని అందరినీ అడుగుతూ తిరిగింది. పలక విసిరే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. కానీ ఆ పిల్ల పేరు హాజరు పట్టీలో ఉంది. నేను ఉంటున్న కంది నుంచి మొదటి బస్సు పట్టుకొని ప్రతివారం ఆ నల్లా దగ్గర నిలబడుతున్నాను.

ఇంత జరిగినా నేను నా నిజం చెప్పలేదు. రోజూ పక్కన నడిచిన మనిషికి, ఎన్నో బస్సు ప్రయాణాల్లో, చెప్పలేదు. రేపు చెబుదామనుకునేదాన్ని. చలికాలంలో మేడమ్‌కు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చారని తెలిసినప్పుడు కూడా, తిరిగి వచ్చాక చెబుదామనే అనుకున్నాను.

నిన్న శనివారం ఆఫీసుకు వెళ్లి ఆ ఫైలు తీశాను. నాలుగు పత్రాల మీదా, 'ఇందులోది నేను చూడలేదు. విన్నది రాశాను' అని రాసి సంతకం చేశాను. ఎందుకు వీలుకాలేదన్న పెద్ద గడిలో, 'లోపలికి వస్తానని అడగడానికి సిగ్గుపడ్డాను' అని రాశాను. వాటిని పెద్దసారు బల్ల మీద పెట్టి వచ్చాను. సోమవారం ఆయన పిలుస్తారు. ఏమంటారో తెలియదు.

మా ప్రాంతపు బడులకు శిక్షకులు వస్తారు, అధికారులు వస్తారు, కొత్త పథకాలూ వస్తాయి. వెనక వరుసలో నేలమీద కూర్చొని, నింద వేయకుండా నిజం రాబట్టే ఆ సహనశీలి మాత్రం ఇక రారు. ఆమె లేని ఫారంలో ఆ పెద్ద గడిని అంత ఓపికగా నింపేవారెవరో నాకు తెలియడం లేదు. దండం పెట్టడం తప్ప ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు.

చనిపోవడానికి నాలుగు రోజుల ముందు, సంగారెడ్డి ఆసుపత్రిలో ఆమెను చూశాను. మధ్యాహ్నం. ఆమె కూతురు మందులకని కిందికి వెళ్లింది. మేడమ్ ముక్కుకున్న గొట్టం సర్దుకొని, "పూనమ్ వస్తున్నదా?" అన్నారు.

"వస్తున్నది మేడమ్. నిన్న నాలుగో పీరియడ్ దాంక కూసున్నది."

"నువ్వు చూసినవా?"

"చూసిన మేడమ్."

ఆమె కళ్లు మూసుకున్నారు. ఇంకెప్పుడు చెబుతాను అనిపించింది. మంచం పట్టీ గట్టిగా పట్టుకొని, "మేడమ్, పోయిన ఆగస్టుల..." అన్నాను. ఆమె చెయ్యి కొంచెం పైకి లేచింది. నేను ఆగిపోయాను. కళ్లు తెరవకుండానే, ఒక్కొక్క మాటకు ఊపిరి తీసుకుంటూ అన్నారు:

"నాకు చెప్పకు బిడ్డా. నాకు చెప్తె నీ మనసు తేలికైతది, కాగితం గట్లనే ఉంటది. కాగితంల రాయి."